తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఇంగ్లీష్ తప్పుల్లేకుండా రాయాలంటే ఏం చేయాలి

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ, పాలమూరు, వనపర్తి, గద్వాల... ఈ వైపు నుంచి డిగ్రీలు, బీటెక్‌లు చేసి ఉద్యోగాల్లోకి వచ్చిన పిల్లల్లో మస్తుమందికి ఒకటే బాధ. ఇంగ్లీష్ చదివితే అర్థమవుతుంది, ఎవరైనా మాట్లాడినా చాలావరకు పట్టుకుంటారు, కానీ నాలుగు లైన్ల మెయిల్ రాయమంటే చెయ్యి ఆగిపోతుంది. రాసింది తప్పేమో, చూసినవాళ్లు ఏమనుకుంటారో అని టెన్షన్. దాంతో ఎవరిదో పాత మెయిల్ తీసుకుని పేర్లు మార్చి పంపిస్తారు, లేదంటే ఫోన్ చేసి నోటితో చెప్పేసి ఊరుకుంటారు.

నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. మీరు చేసే తప్పులు వందల్లో ఉండవు. పది, పన్నెండు రకాలు ఉంటాయేమో, అవే మళ్లీ మళ్లీ వస్తుంటాయి, అందులో ఎక్కువ భాగం తెలుగులోంచి నేరుగా వచ్చి కూర్చున్నవి. తెలుగు మనకు బాగా తెలుసు కాబట్టి ఆ తప్పు ఎక్కడ పుడుతుందో కూడా మనమే పట్టుకోగలం. గ్రామర్ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవాల్సిన పని లేదు, అలా మొదలుపెట్టినవాళ్లు పార్ట్స్ ఆఫ్ స్పీచ్ దగ్గరే ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇక్కడ ఇంగ్లీష్ వాక్యాలను కూడా తెలుగు అక్షరాల్లోనే ఇస్తున్నాను. మీరు వాటిని ఒకసారి పైకి చదివి, స్పెల్లింగ్‌తో సహా కాగితం మీద ఇంగ్లీష్‌లో రాసుకోండి, అది కూడా ప్రాక్టీసే.

మొదట చేయాల్సింది, ఒక రూళ్ల నోట్‌బుక్ కొనండి. ఫోన్‌లో వద్దు. ఫోన్‌లో రాస్తే మీరు సగం మాట టైప్ చేయగానే మిగతా సగం అదే చూపిస్తుంది, స్పెల్లింగ్ అదే దిద్దుతుంది, మీకు ఏది వచ్చో ఏది రాదో మీకే తెలియకుండా పోతుంది. నోట్‌బుక్‌లో రోజూ ఎనిమిది, పది లైన్లు రాయండి. దేని గురించి అంటే, బడిలో రాసిన వ్యాసాల్లాంటివి మాత్రం వద్దు. జీవిత లక్ష్యం, సైన్స్ వల్ల లాభనష్టాలు, ఇవన్నీ పదో తరగతిలో బట్టీ పట్టినవే, ఇప్పుడు రాసినా ఆ బట్టీ వాక్యాలే బయటికి వస్తాయి. మీ ఇంట్లో, మీ పనిలో ఆ రోజు నిజంగా జరిగింది రాయండి. బోరు మోటరు కాలిపోయింది, బస్సు మాల్ ఊరి దగ్గర గంటసేపు ఆగింది, హాస్టల్‌లో వార్డెన్‌తో మాట్లాడాల్సి వచ్చింది, చెల్లెకు గురుకులంలో సీటు వచ్చింది. ఇవి రాయబోతేనే మీ దగ్గర లేని మాటలు ఏవో బయటపడతాయి. మోటరు కాలిపోయింది అనడానికి ఇంగ్లీష్‌లో ఏమంటారో వెతికితే 'ద మోటార్ బర్న్ట్ అవుట్' అని దొరుకుతుంది, ఆ మాట ఇక మర్చిపోరు, ఎందుకంటే అది మీ మోటరు.

రాసేటప్పుడు ముందు తెలుగులో పూర్తి వాక్యం అనుకుని దాన్ని ఇంగ్లీష్‌లోకి మార్చే అలవాటు చాలామందికి ఉంటుంది. అక్కడే చిక్కు. తెలుగులో మనం ఎంత పొడుగు వాక్యమైనా అలవోకగా చెప్పేస్తాం. 'మా నాన్న పొద్దున్నే లేచి, తోటకు పోయి, మోటరు వేసి, పాదులకు నీళ్లు పారుతున్నాయో లేదో చూసి, ఇంటికొచ్చి తింటాడు' అంటే అందులో లేచి, పోయి, వేసి, చూసి, వచ్చి అని ఐదు పనులు ఒకదానికొకటి తగిలించి చివర్లో ఒక్క క్రియతో ముగించాం. ఎంత బాగుందో చూడండి, వినేవాడికి ఎక్కడా ఇబ్బంది లేదు. దీన్ని యథాతథంగా ఇంగ్లీష్‌లోకి తోస్తే అండ్, అండ్, అండ్ అంటూ పోయి ఎక్కడో ఒకచోట కర్త తప్పిపోతుంది, కాలం తప్పిపోతుంది. ఇంగ్లీష్‌లో దాన్ని విరగ్గొట్టాలి. 'మై ఫాదర్ గెట్స్ అప్ ఎర్లీ. హీ గోస్ టు ద ఆర్చర్డ్ అండ్ స్విచెస్ ఆన్ ద మోటార్. హీ చెక్స్ వెదర్ ద వాటర్ ఈజ్ రీచింగ్ ద ట్రీస్. దెన్ హీ కమ్స్ హోమ్ అండ్ ఈట్స్.' నాలుగు చిన్న వాక్యాలు. ప్రతిదాంట్లో ఎవరు చేశారో ముందే ఉంది, ఏం చేశారో దాని పక్కనే ఉంది. చిన్న వాక్యాలు రాస్తే చిన్నపిల్లల రాతలా ఉంటుందని సిగ్గుపడకండి. ఆఫీసుల్లో బాగా రాస్తాడని పేరున్నవాళ్ల మెయిల్స్ తీసి చూడండి, చాలావరకు ఇంత చిన్న వాక్యాలే ఉంటాయి. మొదట్లో ఒక నియమం పెట్టుకోండి, ఒక వాక్యంలో రెండు పనుల కంటే ఎక్కువ పెట్టొద్దు. చెయ్యి తిరిగాక పొడుగు వాక్యాలు వాటంతట అవే వస్తాయి.

ఇక రెండో పని, అసలు పని అదే. నోట్‌బుక్ వెనక పేజీల్లో మీ తప్పుల పట్టిక మొదలుపెట్టండి. ఎవరైనా దిద్దిన ప్రతిసారీ, లేదా మీకే తెలిసిన ప్రతిసారీ, ఎడమ పక్క మీరు రాసింది, కుడి పక్క సరైనది, కింద ఒక్క లైన్‌లో అది తెలుగులోంచి ఎలా వచ్చిందో రాయండి. ఆ మూడో లైన్ రాయకపోతే ఈ పట్టికకు సగం విలువ కూడా లేదు. మనవాళ్ల రాతల్లో నాకు ఎక్కువగా కనిపించేవి చెబుతాను, మీ పట్టిక వీటితో మొదలుపెట్టండి.

అన్నింటికంటే ఎక్కువ కనిపించేది 'నుంచి' తెచ్చే తప్పు. 'మూడేళ్ల నుంచి ఇక్కడ పనిచేస్తున్నా' అంటాం, '2021 నుంచి ఇక్కడ పనిచేస్తున్నా' అని కూడా అంటాం. తెలుగులో రెండింటికీ ఒకటే మాట. అందుకే 'ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్' అని రాసేస్తాం. ఇంగ్లీష్‌లో ఇవి రెండు వేరు. ఎంతకాలం అనేది చెబితే ఫర్, ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్. ఫర్ త్రీ ఇయర్స్, సిన్స్ 2021. అంతేకాదు, పని అప్పుడు మొదలై ఇప్పటికీ నడుస్తుంటే 'ఐ యామ్ వర్కింగ్' కుదరదు, 'ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్' అనాలి. బయోడేటాల్లో, ఇంటర్వ్యూ మెయిల్స్‌లో ఈ వాక్యం తప్పకుండా వస్తుంది కాబట్టి దీన్ని ముందు సరిచేసుకోండి.

తర్వాత 'ఉన్నాయి'. నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు, నాకు జ్వరం ఉంది, మాకు మూడెకరాలు ఉంది. తెలుగులో ఇంగ్లీష్ 'హావ్' లాంటి క్రియే లేదు, అన్నీ ఉండటంతోనే చెబుతాం. మరి ఆ 'ఉన్నారు'ను ఇంగ్లీష్‌లోకి తెచ్చేటప్పుడు జరుగుతున్న పనిలా మార్చేసి 'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్' అంటాం. ఐ హావ్ టూ బ్రదర్స్, అంతే. నో (కాదు అనే నో కాదు, తెలుసు అనే అర్థంలో వచ్చేది), వాంట్, లైక్, అండర్‌స్టాండ్, బిలీవ్, బిలాంగ్, ఇవి కూడా అలాంటివే, మనసులోనో చేతిలోనో ఉన్న స్థితిని చెప్పే మాటలు, వీటికి చివర ఇంగ్ తగిలించే పని మామూలుగా రాదు. తినడం, స్నానం చేయడం, ఆపరేషన్ చేయించుకోవడం లాంటి అర్థంలో మాత్రం హావింగ్ వస్తుంది, దాన్ని చూసి గాబరా పడకండి.

'గురించి', 'కి', 'తో' తెచ్చే తప్పులు ఇంకో గుంపు. దేని గురించో చర్చించాం కాబట్టి 'డిస్కస్డ్ అబౌట్' అంటాం, ఆ అబౌట్ వద్దు, 'వి డిస్కస్డ్ ద ప్రాబ్లం'. హైదరాబాద్‌కి చేరుకున్నాం కాబట్టి 'రీచ్డ్ టు హైదరాబాద్' అంటాం, ఆ టు వద్దు. ఫలానావాళ్లతో పెళ్లైంది కాబట్టి 'మ్యారీడ్ విత్' అంటాం, అక్కడ టు కావాలి. 'కోప్ అప్ విత్' కాదు, 'కోప్ విత్'. 'రిటర్న్ బ్యాక్', 'రిప్లై బ్యాక్' రాస్తుంటారు, రిటర్న్‌లోనే వెనక్కి అనే అర్థం ఉంది. వీటికి సూత్రం వెతక్కండి, దొరకదు. ఆ మాటను దాని పక్క మాటతో కలిపి ఒకే ముక్కగా నేర్చుకోవడమే. 'డిపెండ్' అని ఒంటరిగా రాసుకోకుండా 'డిపెండ్ ఆన్' అని రాసుకోండి. కాలానికి మాత్రం సూత్రం ఉంది: గడియారం టైముకు ఎట్, రోజుకు, తేదీకి ఆన్, నెలకు, సంవత్సరానికి ఇన్. టుమారో, యస్టర్‌డే, నెక్స్ట్ వీక్ ముందు ఏదీ రాదు.

'ఎక్కడున్నాడో తెలియదు' అన్నది చూడండి. మనం 'ఐ డోంట్ నో వేర్ ఈజ్ హీ' అని రాస్తాం, ఎందుకంటే 'వేర్ ఈజ్ హీ' అనే ప్రశ్న మనకు ముందే నోటికి వచ్చు. కానీ ఆ ప్రశ్న ఇంకో వాక్యం కడుపులోకి వెళ్లగానే ప్రశ్న వరస పోయి మామూలు వరసకు రావాలి, 'ఐ డోంట్ నో వేర్ హీ ఈజ్'. 'ప్లీజ్ టెల్ మీ వెన్ విల్ ద రిజల్ట్స్ కమ్' కాదు, 'వెన్ ద రిజల్ట్స్ విల్ కమ్'. యూనివర్సిటీకి, కంపెనీకి ఏదైనా అడుగుతూ రాసే ప్రతి మెయిల్‌లో ఇది వస్తుంది.

చెప్పాడు అనే దగ్గర టెల్, సే తేడా. టోల్డ్ పక్కన ఎవరికి చెప్పారో ఉండాలి, 'హీ టోల్డ్ మీ'. ఎవరికో చెప్పనక్కర్లేకపోతే 'హీ సెడ్'. 'హీ టోల్డ్ దట్' రాయొద్దు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. డిడ్ తర్వాత క్రియ మామూలు రూపంలోనే ఉండాలి, 'డిడ్ నాట్ కమ్', 'డిడ్ నాట్ కేమ్' కాదు. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్', చివర ఎస్ తప్పదు. ఇన్ఫర్మేషన్, అడ్వైస్, ఫర్నిచర్, లగేజ్, ఎక్విప్‌మెంట్, వీటికి బహువచనం లేదు. ఆల్దో అని మొదలుపెట్టాక మధ్యలో బట్ రాదు. అతను, ఆమె, అది అయితే ఇప్పటి అలవాటు చెప్పే క్రియకు ఎస్ తగలాలి. పరిచయం చేసుకునేటప్పుడు 'మైసెల్ఫ్' అని మొదలుపెట్టకుండా 'ఐ యామ్' అనండి.

ఎ, యాన్, ద గురించి మాత్రం కొంచెం ఆగి మాట్లాడుకోవాలి, ఎందుకంటే తెలుగులో అవి లేవు, లేనిదాన్ని అలవాటు చేసుకోవడం కష్టం. పుస్తకాల్లో పేజీలకు పేజీలు నియమాలుంటాయి. నేను పిల్లలకు చెప్పేది ఒక్క ప్రశ్న. ఒక వస్తువు పేరు రాశారు, చదివేవాడు 'ఏది?' అని అడిగాడనుకోండి, దానికి జవాబు అతనికి ముందే తెలిసి ఉంటే ద. తెలియకపోతే, అది ఒక్కటే అయితే ఎ లేదా యాన్. మొత్తం ఆ జాతి గురించే మాట్లాడుతుంటే ఏదీ వద్దు. 'వి బాట్ ఎ బఫెలో.' ఏ బర్రె? చదివేవాడికి తెలియదు, మొదటిసారి చెబుతున్నాం, కాబట్టి ఎ. 'ద బఫెలో గివ్స్ సిక్స్ లీటర్స్ ఆఫ్ మిల్క్.' ఏ బర్రె? ఇప్పుడే కొన్నామని చెప్పినదే, కాబట్టి ద. 'బఫెలోస్ నీడ్ ఎ లాట్ ఆఫ్ వాటర్.' అన్ని బర్రెల సంగతి, ముందు ఏమీ లేదు. ఈ మూడు వాక్యాలు గుర్తుంచుకుంటే చాలావరకు పని జరిగిపోతుంది. ఎ, యాన్‌లలో ఏది అనేది అక్షరాన్ని బట్టి కాదు, పలికే శబ్దాన్ని బట్టి. అందుకే ఎ యూనివర్సిటీ, యాన్ అవర్, యాన్ ఎమ్మెల్యే. ఊళ్లకు, జిల్లాలకు ద పెట్టొద్దు, నదులకు పెట్టాలి. నల్గొండకు ద లేదు, కృష్ణకు, మూసీకి ఉంది.

ఈ పట్టిక పది, పదిహేను వరసలకు చేరాక ఒక వింత కనిపిస్తుంది. కొత్త తప్పులు రావడం తగ్గిపోతుంది, పాతవే తిరిగి వస్తుంటాయి. అప్పుడు ప్రతి వారం ఒక్క తప్పును పట్టుకోండి. ఈ వారం సిన్స్, ఫర్ మాత్రమే. రాసింది అయ్యాక ఆ ఒక్క తప్పు కోసమే మొదటి నుంచి చివరి దాకా చదవండి. అన్నీ ఒకేసారి దిద్దుకోవాలని చూస్తే ఏదీ కంటికి ఆనదు.

మూడో పనికి మన దగ్గర ఒక మంచి సాధనం ఉంది, దాన్ని ఈ పనికి వాడుకునేవాళ్లు నాకు పెద్దగా కనపడలేదు. 2022-23లో తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీష్ మీడియం మొదలుపెట్టినప్పుడు పిల్లలకు ఇబ్బంది కాకూడదని ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీష్‌లో. మీ ఇంట్లో ఆరో తరగతో ఏడో తరగతో చదివే తమ్ముడో, చెల్లెనో ఉంటే ఆ సోషల్ పుస్తకం అడిగి తీసుకోండి. ఇంగ్లీష్ పేజీ మీద కాగితం కప్పండి. తెలుగు పేజీలో ఒక పేరా చదవండి, ఐదారు వాక్యాలు చాలు. పుస్తకం మూసి దాన్ని ఇంగ్లీష్‌లో మీరే రాయండి. తర్వాత కాగితం తీసి ఎదురు పేజీతో పోల్చుకోండి. మీరు ద వదిలేసిన చోట వాళ్లు పెట్టారా? మీరు ఒక వాక్యంగా రాసింది వాళ్లు రెండుగా విడగొట్టారా? మీకు తోచని మాట వాళ్లు ఏది వాడారు? తేడా ఉన్నచోటల్లా ఎర్ర పెన్నుతో గీత గీయండి, తేడా అంటే తప్పనే కాదు, ఒకే సంగతి రెండు రకాలుగా రాయొచ్చు, కానీ ఎందుకు తేడా వచ్చిందో ఆలోచించాలి. టీచర్ పక్కన లేకుండా మిమ్మల్ని మీరే దిద్దుకోవడానికి ఇంతకంటే తేలిక దారి నాకు కనపడలేదు. చిన్నపిల్లల పుస్తకం అని తక్కువగా చూడకండి. వర్షపాతం, చెరువులు, పంచాయతీ, మార్కెట్, ఇవే అందులో ఉండేవి, రేపు మీరు ఆఫీసులో రాయాల్సినవి కూడా ఇలాంటి సాదా వాక్యాలే. ఒక పాఠాన్ని నెల తర్వాత మళ్లీ రాయండి. అప్పటికి ఇంగ్లీష్ పేజీ మర్చిపోయి ఉంటారు, ఎంత మారారో మీకే కనిపిస్తుంది.

చదవడం కూడా రాతకు పనికొచ్చేలా చదవాలి. నల్గొండలో గానీ, మహబూబ్‌నగర్‌లో గానీ జిల్లా కేంద్ర గ్రంథాలయానికి పోతే పోటీ పరీక్షల పిల్లలతో నిండిపోయి ఉంటుంది, ఇంగ్లీష్ పేపర్ల దగ్గర కూడా పిల్లలుంటారు. కానీ వాళ్లు ఎడిటోరియల్ పేజీ ముందేసుకుని రాని మాటలన్నీ అర్థాలతో రాసుకుంటుంటారు, వాటిలో ఎక్కువ మాటలు మామూలు మెయిల్‌లో వాడే అవసరమే రాదు. నా సలహా, ఎడిటోరియల్ పక్కన పెట్టి జిల్లా వార్తలు, వ్యవసాయం వార్తలు తీయండి. ధాన్యం కొనుగోలు, రోడ్డు ప్రమాదం, శ్రీశైలం, సాగర్ నీటిమట్టం. విషయం మీకు ముందే తెలుసు కాబట్టి కన్ను వాక్యం మీద నిలుస్తుంది. ఒక చిన్న వార్త నోట్‌బుక్‌లోకి ఎత్తి రాయండి, కామాలు, ఫుల్‌స్టాప్‌లతో సహా. చేత్తో ఎత్తి రాస్తే ఆర్టికల్స్, ప్రిపోజిషన్స్ ఒక్కోటి చేతికి తగులుతాయి, కళ్లతో చదివితే జారిపోతాయి.

ఇప్పుడు ఒక మెయిల్ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా దిద్దుదాం. పోలేపల్లి సెజ్‌లో ఒక ఫార్మా కంపెనీలో పనిచేసే అబ్బాయి, నానమ్మకు మహబూబ్‌నగర్‌లో కంటి శుక్లాల ఆపరేషన్, రెండు రోజుల సెలవు కావాలి. అతను రాసింది ఇది: 'రెస్పెక్టెడ్ సర్, విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ బెగ్ టు ఇన్‌ఫార్మ్ యు దట్ మై గ్రాండ్‌మదర్ ఈజ్ హావింగ్ క్యాటరాక్ట్ ఆపరేషన్ సో ఐ యామ్ నాట్ ఏబుల్ టు కమ్ టు డ్యూటీ ఆన్ టుమారో అండ్ డే ఆఫ్టర్ టుమారో సో ప్లీజ్ గ్రాంట్ మీ లీవ్ అండ్ డూ ద నీడ్‌ఫుల్.' సబ్జెక్ట్ దగ్గర 'లీవ్' అని ఒక్క మాట.

ఇది బడిలో నేర్పిన సెలవు చీటీయే, అందరం జ్వరం వచ్చిందని రాసి హెడ్‌మాస్టర్‌కు ఇచ్చినదే. మర్యాద ఉంది, సంగతి కూడా అర్థమవుతుంది. కానీ చదివే మేనేజర్‌కు కావాల్సినవి మూడే: ఏ తేదీలు, ఎందుకు, ఆ రెండు రోజులు పని ఎవరు చూస్తారు. తేదీ లేదు, పని ఎవరు చూస్తారో లేదు. మెయిల్‌ను ఆయన రేపు తెరిస్తే టుమారో అంటే ఏ రోజో తెలియదు. ఇక భాష సంగతి. ఐ బెగ్ టు, డ్యూ రెస్పెక్ట్ తీసేయండి, సర్ అన్న పిలుపులో, ప్లీజ్‌లో, చివరి థాంక్ యులో ఉన్న మర్యాద చాలు. 'ఈజ్ హావింగ్' ఇక్కడ సరైనదే, ముందే ఖాయమైన పని కాబట్టి, కానీ క్యాటరాక్ట్ ముందు ఎ కావాలి, ఏ ఆపరేషనో ఆయనకు ముందు తెలియదు కదా. ఆన్ టుమారోలో ఆన్ పోవాలి. సో రెండుసార్లు వచ్చింది, అక్కడ వాక్యం విరగాలి.

దిద్దాక ఇలా వస్తుంది. సబ్జెక్ట్: 'లీవ్ రిక్వెస్ట్ ఫర్ 12 అండ్ 13 ఆగస్ట్'. లోపల: 'డియర్ సర్, మై గ్రాండ్‌మదర్ ఈజ్ హావింగ్ ఎ క్యాటరాక్ట్ ఆపరేషన్ ఇన్ మహబూబ్‌నగర్, అండ్ ఐ నీడ్ టు బి విత్ హర్. ప్లీజ్ గ్రాంట్ మీ లీవ్ ఆన్ 12 అండ్ 13 ఆగస్ట్. ఐ హావ్ కంప్లీటెడ్ ద బ్యాచ్ రికార్డ్స్ ఫర్ దిస్ వీక్. మై కొలీగ్ ఇన్ ద సేమ్ షిఫ్ట్ విల్ లుక్ ఆఫ్టర్ ఎనీథింగ్ అర్జెంట్. ఐ విల్ బి బ్యాక్ ఆన్ 14 ఆగస్ట్. థాంక్ యు.' ఇందులో పెద్ద మాట ఒక్కటీ లేదు. అన్నీ మీకు తెలిసినవే. మీ నోట్‌బుక్‌లో ఇలాంటివి ఐదారు తయారు చేసుకోండి, సెలవు, ఉద్యోగానికి దరఖాస్తు, ఆలస్యానికి వివరణ, బ్యాంకులో డబ్బు కట్ అయితే ఫిర్యాదు, మెమోలో పేరు తప్పు పడితే యూనివర్సిటీకి విన్నపం. ఎవరిదో చూసి ఎత్తుకోకుండా మీరే రాసి, దిద్దించుకుని, దాచుకోండి.

స్పెల్లింగ్, కామాల గురించి రెండు మాటలు. నేను అనే అర్థంలో వచ్చే ఐ ఎక్కడున్నా పెద్ద అక్షరమే. కామాకు, ఫుల్‌స్టాప్‌కు ముందు ఖాళీ ఉండదు, తర్వాత ఉంటుంది. వాట్సాప్‌లో యు, ఆర్ అని ఒక్కో అక్షరం రాసే అలవాటు ఉంటే వాట్సాప్‌లోనే మానేయండి, అక్కడ పూర్తిగా రాస్తేనే మెయిల్‌లో పూర్తిగా వస్తుంది. మీరు ఎప్పుడూ తప్పు రాసే స్పెల్లింగులు ఇరవై మించవు, వాటికి కూడా వెనక పేజీలో చోటివ్వండి.

చాట్‌జీపీటీ, గ్రామర్లీ లాంటివి వాడొచ్చా అని అందరూ అడుగుతారు. తప్పకుండా వాడండి, కానీ వరస మారకూడదు. ముందు మీరు నోట్‌బుక్‌లో రాయాలి, తర్వాత దాన్ని టైప్ చేసి అడగాలి. 'దీన్ని బాగా రాసిపెట్టు' అని అడగొద్దు, అలా అడిగితే మీ వాక్యం మొత్తం తీసేసి వేరేది ఇస్తుంది, అందులో మీ తప్పు ఏదో మీకు దొరకదు. 'నా వాక్యాలు మార్చకుండా తప్పులు మాత్రమే గుర్తించు, ఒక్కోటి ఎందుకు తప్పో తెలుగులో చెప్పు' అని అడగండి. చెప్పింది పట్టికలోకి ఎక్కించండి. వివరణ ఒక్కోసారి తప్పుగా కూడా ఇస్తుంది, అనుమానం వస్తే మంచి డిక్షనరీలో ఆ మాట తీసి కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యాలు చూడండి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ వాళ్ల లెర్నర్స్ డిక్షనరీలు నెట్‌లో ఉచితంగానే ఉన్నాయి, అర్థంతో పాటు ఆ మాట పక్కన ఏ ప్రిపోజిషన్ వస్తుందో కూడా చూపిస్తాయి.

మనిషి దిద్దడం వేరు. ఊళ్లో గవర్నమెంట్ ఇంగ్లీష్ టీచర్ ఉంటే పోయి అడగండి, 'సార్, వారానికి ఒక్క పేజీ చూసిపెట్టండి' అంటే కాదనేవాళ్లు తక్కువ. టీచర్ దొరక్కపోతే మీలాంటి ఇంకొకరితో జత కట్టండి, ఒకరి పేజీ ఒకరు దిద్దుకోండి. పక్కవాళ్ల తప్పు మన కంటికి ఇట్టే కనపడుతుంది. దిద్దేటప్పుడు మాత్రం జర ఓపికగా, గౌరవంగా ఉండాలి. చదివి నవ్విన మరుక్షణం అవతలివాళ్లు నోట్‌బుక్ మూసేస్తారు, ముఖ్యంగా ఇంట్లో మొదటిసారి చదువుకుంటున్న ఆడపిల్లలు. ఒక పేజీలో పది తప్పులుంటే మూడే గుర్తించి ఇవ్వండి, మిగతావి వచ్చే వారం.

గ్రూప్-1కు ప్రిపేరయ్యేవాళ్లకు ఒక మాట. మెయిన్స్‌లో మిగతా పేపర్లు తెలుగులో రాయొచ్చు, కానీ జనరల్ ఇంగ్లీష్ పేపర్ పాస్ కావాల్సిందే. అది 150 మార్కులకు, పదో తరగతి స్థాయిలో ఉంటుంది, ఆ మార్కులు ర్యాంకులో కలపరు, అర్హత కోసమే. అందుకని చాలామంది చివరి పది రోజులకు వదిలేస్తారు. పైన చెప్పిన ద్విభాషా పుస్తకం పని, వార్త ఎత్తి రాయడం, ఉత్తరాలు తయారు చేసుకోవడం ఆ పేపర్‌కు కూడా సరిపోతాయి, ఇంకొకటి కలపండి: వార్తను చదివి మూడో వంతుకు కుదించి రాయడం. నోట్స్ రాసుకునే పెన్నుతోనే రోజుకు ఇరవై నిమిషాలు దీనికి తీయండి, పరీక్షకు ఆరు నెలల ముందు నుంచి.